పొగాకే, కాని పువ్వు కోసం

నమస్తే అండి. మీరు అడిగింది ఒక ప్రశ్న అన్నారు గాని అందులో మూడున్నాయి, చివర్లో మీ అత్తగారి అభ్యంతరం ఒకటి. ‘నికోటియానా మిక్స్’ అని ఆన్‌లైన్‌లో కొన్న పూల పొగాకు గింజలు జూన్‌లో కుండీల్లో వేసి, పైన అరంగుళం మట్టి కప్పారు. ఒక్కటీ మొలవలేదు. ఆగస్టులో రెండోసారి వేస్తే మొలిచాయి గాని, వేలెడు ఎత్తు కాకుండానే మొదలు దగ్గర నలిగినట్టై పడిపోయాయి. పక్కింటివాళ్ళు ఇచ్చిన మొక్క ఒక్కటి బతికి పూసింది. దాని పువ్వులేమో పగలంతా వాడినట్టు వేలాడుతున్నాయి, పేకెట్టు మీద రాసిన వాసన ఊసే లేదు. మియాపూర్‌లో మూడంతస్తుల ఇల్లు, పైన డాబా. ఒంగోలు నుంచి వచ్చిన మీ అత్తగారు, ‘అక్కడ పొగాకుతో వేగింది చాలదా, ఇక్కడ డాబా మీద కూడానా’ అంటున్నారు. ముఖ్యంగా ఇంతే కదా. బోరునీళ్ళు, విషం, లైసెన్సు లాంటి మీ చిన్న ప్రశ్నలకు దారిలో జవాబు చెబుతాను.

ముందు అత్తగారి సంగతి చూద్దాం, ఎందుకంటే మీ దగ్గరున్న అసలు నిపుణురాలు ఆవిడే. నేను టంగుటూరు దగ్గర పొగాకు ఇంట్లోనే పుట్టాను. ఆకు ఎండబెట్టే బ్యారన్ కొట్టం వేడి, ఆకు జిగురు, వేలం రోజుల్లో మా నాన్న మొహం, అన్నీ చూసి పెరిగాను. హైదరాబాద్ వచ్చాక ఇంట్లో పూల పొగాకు పెంచడం మొదలుపెట్టి పద్నాలుగు చలికాలాలైంది. మొదటి రెండేళ్ళు మీలాగే పోగొట్టుకున్నాను. పేకెట్టు వెనక ఉన్నది చదివి పెంచాను గాని, మా అమ్మ నారు పోసిన తీరు గుర్తు చేసుకోలేదు. మూడో ఏడు గుర్తు చేసుకున్నాను. అప్పటినుంచి ఒక్క ఏడు తప్ప నారు పోలేదు.

నా అనుభవంలో తేలిందొక్కటే. నాటేదాకా ఇది అచ్చం పొగాకు, పొగాకు రైతు చేసినట్టే చెయ్యాలి. నాటాక మాత్రం రైతు చేసే ప్రతి పనికీ తలకిందులు చెయ్యాలి. మీ తప్పులు మొదటి సగంలో జరిగాయి.

మీ దగ్గరున్న గింజ ఏమిటో ముందు తేల్చుకోవాలి. నికోటియానా అన్నది ఇంటిపేరు లాంటిది. పోర్చుగల్‌లో ఫ్రాన్సు రాయబారిగా ఉన్న ఝాఁ నికో 1560 ప్రాంతంలో పొగాకును తమ రాజదర్బారుకు పంపాడు, ఆయన పేరే మొక్కకు పెట్టారు. నికోటిన్ అన్న మాట కూడా అక్కడిదే. ఈ ఇంటిపేరున్నవాటిలో మన పొలాల్లో పండేది నికోటియానా టబాకమ్. పూల కోసం పెంచేవి దాని చుట్టాలు. వాటిలో నాలుగు తెలిస్తే మనకు చాలు.

మొదటిది అలాటా. దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా వైపు మొక్క. రెండున్నర నుంచి నాలుగడుగులు ఎదుగుతుంది. తెల్లటి పువ్వు, పొడుగు గొట్టం, చివర అయిదు రేకుల నక్షత్రం. సాయంత్రం విచ్చుకుని రాత్రంతా గుబాళిస్తుంది. పాత కేటలాగుల్లో దీన్నే అఫినిస్ అనేవారు, ఇప్పటికీ కొందరు ఆ పేరుతోనే అమ్ముతారు. రెండోది సిల్వెస్ట్రిస్. నిలువెత్తు మనిషంత ఎదుగుతుంది, ఆకు అచ్చం మన పొగాకు ఆకంత వెడల్పు. కొమ్మ చివర పొడుగాటి తెల్ల గొట్టాలు గుత్తిగా కిందికి వేలాడతాయి, బాణసంచా పేలి కిందికి రాలుతున్నట్టు ఉంటుంది. మూడోది లాంగ్స్‌డోర్ఫీ. చిన్నచిన్న ఆకుపచ్చ గంటలు, వాసన లేదు, చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది. నాలుగోది శాండెరే. ఇది సంకరం. అలాటాను ఫర్జెటియానా అనే ఎర్రపువ్వు జాతితో కలిపి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని శాండర్ నర్సరీవాళ్ళు తెచ్చారు. మీ పేకెట్టులో ‘మిక్స్’ అని ఉందంటే దాదాపు ఖాయంగా ఇదే. ఎరుపు, గులాబి, తెలుపు, లేత ఆకుపచ్చ రంగులొస్తాయి.

సిల్వెస్ట్రిస్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన పొలాల్లోని టబాకమ్‌కు కన్నతల్లి అదే. మనుషులు వ్యవసాయం మొదలుపెట్టడానికి చాలా ముందే దక్షిణ అమెరికాలో సిల్వెస్ట్రిస్‌కూ టొమెంటోసిఫార్మిస్ అనే ఇంకో అడవిజాతికీ సంకరం కలిసి టబాకమ్ పుట్టింది. తల్లివి 24 క్రోమోజోములు, తండ్రివి 24, బిడ్డకు 48. మొదటిసారి డాబా మీద సిల్వెస్ట్రిస్ ఆకు విప్పుకున్నప్పుడు నాకు మా చేను కళ్ళముందు కదలడంలో వింత లేదన్నమాట.

కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. నిక్కీ, డామినో, సారటోగా లాంటి పొట్టి రకాలు కుండీకి ముద్దుగా ఉంటాయి, పగలు కూడా విచ్చుకునే ఉంటాయి. కాని పగలు తెరుచుకునేలా, పొట్టిగా ఉండేలా చేసే క్రమంలో వాసన చాలావరకు పోయింది. పర్‌ఫ్యూమ్ అనే వరుసలో కొంత మిగిలింది. వాసనే కావాలనుకుంటే పొడుగు తెల్ల అలాటా గాని, సిల్వెస్ట్రిస్ గాని వేయండి. నా మట్టుకు నేను ఈ పొట్టి రకాలు మానేశాను. పగలు రంగు కావాలంటే మనకు బంతి, పెటూనియా లేవా? అన్నట్టు పెటూనియా కూడా దీని చుట్టమే. దక్షిణ అమెరికా ఆదివాసీల భాషలో ‘పెటున్’ అంటే పొగాకు. ఆ మాటనుంచే ఈ పేరు వచ్చింది.

ఇక నారు. మీ గింజల పొట్లం విప్పి ఒక గింజను వేలిమీద పెట్టి చూడండి, దాని పక్కన ఆవగింజ కొండలా కనిపిస్తుంది. మా ఊళ్ళో పొలం పొగాకు గింజలు ఒక గ్రాముకు పది వేలకు పైనే తూగుతాయి. ఈ చుట్టాల గింజలూ ఆ తీరువే. అంత చిన్న గింజలో తిండి ఎంత ఉంటుంది? అరంగుళం మట్టిని తోసుకుని పైకి రావడానికి దానికి సత్తువ చాలదు. పైగా ఈ గింజ మొలవడానికి వెలుతురు కావాలి. మట్టి కప్పితే అది ‘ఇంకా వేళ కాలేదు’ అనుకుని అలాగే పడుంటుంది. జూన్‌లో మీవి మొలవకపోవడానికి గింజ చెడ్డది కావడం కారణం కాదు. వాటిని మీరు పూడ్చిపెట్టారు, అంతే. ఆ కుండీ మట్టి పారబోయకుండా ఉంటే, ఈసారి పైమట్టి కదిలించి తడపండి. నాలుగు మొలిచినా ఆశ్చర్యపోను.

మా అమ్మ చేసే పద్ధతి ఇది. నారుమడి నేలకంటే జానెడు ఎత్తుగా కట్టేవాళ్ళు, మధ్యలో కాలువలు, వానొచ్చినా నీళ్ళు నిలవకూడదు. మట్టిని వేళ్ళతో నలిపి నలిపి పిండి చేసేవాళ్ళు. గింజను సన్నని ఇసుకతో కలిపి చల్లేవాళ్ళు, లేకపోతే అంత చిన్న గింజ ఒకేచోట కుప్పపడుతుంది. చల్లాక చేత్తో మెల్లగా అద్దేవాళ్ళు గాని మట్టి కప్పేవాళ్ళు కాదు. పైన వరిగడ్డి పల్చగా పరిచేవాళ్ళు, తాటాకులూ వాడేవాళ్ళు. వెలుతురు పడాలి, వాన దెబ్బ తగలకూడదు, తడి ఆరకూడదు. ఈ మూడూ ఒకేసారి కుదిరేది ఆ గడ్డితోనే. మొలకలు నిలదొక్కుకున్నాక గడ్డిని ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తీసేవాళ్ళు. చిల్లుల డబ్బాతో రోజుకు నాలుగైదుసార్లు చిలకరించడమే పని. అమ్మ మడిదాటి వెళ్ళేది కాదు ఆ పది రోజులూ.

డాబా మీద దీన్ని ఇలా మార్చుకున్నాను. స్వీట్లు వచ్చే పల్చటి ప్లాస్టిక్ డబ్బాకు అడుగున పది చిల్లులు పెడతాను. మూడు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు కలిపి నింపి, పైన అద్ది చదును చేస్తాను. ఆ డబ్బాను నీళ్ళున్న పళ్ళెంలో పెడితే అడుగునుంచి తడి పైకి ఎక్కుతుంది. పైన తడి కనబడగానే పళ్ళెంలోంచి తీసేస్తాను. చిటికెడు గింజను రెండు చెంచాల ఆరిన ఇసుకలో కలిపి చల్లి, అట్టముక్కతో అద్ది, మూత వదులుగా పెడతాను. నీడగా, వెలుతురుగా ఉన్న కిటికీ దగ్గర ఉంచుతాను. 20 నుంచి 24 డిగ్రీలుంటే పది రోజుల నుంచి మూడు వారాల్లోపు పచ్చటి నలుసులు కనిపిస్తాయి. చెంబుతో నీళ్ళు మాత్రం పోయకండి. ఒక్క చెంబు నీళ్ళతో గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి.

ఇక్కడే మీ రెండో తప్పు. మొలిచినవి మొదలు దగ్గర నలిగి పడిపోవడాన్ని పొగాకు ఊళ్ళలో నారుకుళ్ళు అంటారు. తడి ఎక్కువై, గాలి ఆడక, మొలకలు ఒత్తుగా ఉన్నప్పుడు మట్టిలోని శిలీంధ్రం రాత్రికి రాత్రి మడిలో చాపంత మేర తినేస్తుంది. మీరు ఆగస్టులో వేశారు, ముసురు రోజులు. ఒకే కుండీలో పేకెట్టంతా చల్లామని మీరే రాశారు. రోజూ సాయంత్రం నీళ్ళు పోశామన్నారు. నారుకుళ్ళుకు ఇంతకంటే మంచి ఆహ్వానం ఉండదు. ఈసారి మొలకలు కనబడగానే మూత తీసేయండి. నీళ్ళు ఉదయం పూటే పెట్టండి, సాయంత్రానికి పైపొర ఆరాలి. రెండాకులు రాగానే పుల్లతో పల్చన చేయండి, మొక్కకూ మొక్కకూ కనీసం వేలెడంత దూరం ఉండాలి. ఎక్కువైనవి పారేయడానికి మనసొప్పదు, తెలుసు. నాకూ ఒప్పేది కాదు. అన్నీ ఉంచుకుంటే అన్నీ పోతాయి. అయినా కుళ్ళు కనబడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా చిలకరించండి. ముందుజాగ్రత్తగా కంపోస్టులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం పొడి కలపడం ఇంకా మంచిది.

కాలం సంగతి. పేకెట్టు మీద ‘వసంతంలో విత్తండి, వేసవిలో పూస్తుంది’ అని ఉంటే అది చలిదేశాల మాట. మన దగ్గర ఇది చలికాలపు మొక్క, మన పొగాకు లాగే. ప్రకాశంలో వానాకాలం చివర నారు పోసి అక్టోబరు, నవంబరుల్లో నాటుతారు. హైదరాబాద్‌లో నేను సెప్టెంబరు రెండోవారం నుంచి అక్టోబరు మొదటివారం లోపు నారు పోస్తాను. ఆరు నుంచి ఎనిమిది వారాలకు నాటడానికి వస్తుంది. డిసెంబరు చివర మొదటి పువ్వు, మార్చి మధ్యదాకా తెరిపి లేకుండా పూస్తుంది. ఏప్రిల్ ఎండకు చేతులెత్తేస్తుంది. దాన్ని నిలబెట్టాలని నీడవలలు కట్టి నానా పాట్లు పడ్డాను ఒక ఏడు. దండగ. పీకేసి కంపోస్టులో వేసేయండి. ఆగండి, కంపోస్టులో కూడా వద్దు, ఎందుకో కింద చెబుతాను.

నాటే కుండీ అలాటాకు పన్నెండు అంగుళాలు చాలు, ఒక్కో కుండీలో ఒకటే మొక్క. సిల్వెస్ట్రిస్‌కు ఇరవై లీటర్ల పెయింటు బక్కెట్టు కావాలి. మూడో అంతస్తు గాలికి అది విరిగిపోతుంది కాబట్టి చిన్నప్పుడే వెదురుకర్ర పాతి కట్టండి. ఎర్రమట్టి, కంపోస్టు, కొంచెం ఇసుక. ఉదయం ఎండ నాలుగైదు గంటలు, మధ్యాహ్నం నీడ. ఎరువుల గురించి ఎక్కువ ఆలోచించకండి, నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు. యూరియా జోలికి మాత్రం పోవద్దు, ఆకే వస్తుంది.

బోరునీళ్ళ గురించి అడిగారు. పొగాకు రైతు నీటిలో ఉప్పు అంటే హడలిపోతాడు. ఆకులోకి క్లోరైడు ఎక్కితే ఆ ఆకు సరిగ్గా కాలదు, ధర పడదు. అందుకే పొటాష్ ఎరువు కూడా మ్యూరేట్, అంటే క్లోరైడు, రూపంలో వేయరు, సల్ఫేట్ రూపంలో వేస్తారు. మన పువ్వును కాల్చేవాళ్ళెవరూ లేరు గనుక ఆ భయం మనకు లేదు. అయితే ఉప్పునీటికి ఆకు అంచులు మాడటం మాత్రం ఉంటుంది. వీలైతే కొళాయిలో వచ్చే మంజీరా నీళ్ళు ఒకరోజు బక్కెట్టులో ఉంచి పోయండి.

ఇప్పుడు తలకిందులయ్యే చోటికి వచ్చాం. పొలంలో మొక్క మొగ్గ తొడగ్గానే రైతు తల తుంచేస్తాడు. బలమంతా పువ్వుకు పోకుండా ఆకుకు దిగాలని. తల తుంచితే మొక్క ఊరుకోదు, ప్రతి ఆకు చంకలోంచీ పిలకలు లేస్తాయి. మళ్ళీ వాటిని గిల్లాలి, వారం వారం. మా చిన్నతనంలో బడి లేని రోజంటే పిలకలు గిల్లే రోజు. సాయంత్రానికి వేళ్ళకు నల్లటి జిగురు, ఏ సబ్బుకూ పోదు. పొగాకు చేలో పువ్వు కనబడిందంటే ఆ రైతు సోమరి అన్నమాట. మా చేలో పదేళ్ళపాటు పొగాకు పువ్వు చూసిన గుర్తే లేదు నాకు, విత్తనానికి వదిలిన నాలుగు మొక్కలు తప్ప.

డాబా మీద మీరు చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మొదటి మొగ్గను పూయనివ్వండి. కాడ మీది పువ్వులు చాలావరకు అయిపోయాక ఆ కాడను మొదలు దగ్గర, ఆకుకు కాస్త పైన, కత్తెరతో కోయండి. రైతుకు బెడదైన ఆ పిలకలు అప్పుడు లేస్తాయి. ఒక్కో పిలకా ఒక పూలకాడ అవుతుంది. ఇలా కోస్తూ పోతే మూడు దఫాలు పూస్తుంది. ఈ మాట మీ అత్తగారితో చెప్పి, పిలకలు గిల్లకుండా వదిలేయమని అడగండి. అలవాటైన చేతులు కదా, చూస్తూ ఊరుకోవడం ఆవిడకు కష్టమే!

పువ్వులు పగలు వేలాడటం గురించి. అది జబ్బు కాదు, దాహం కాదు. ఆ మొక్క పనివేళలు అవి. మన చంద్రకాంత పువ్వును ఎవరైనా మధ్యాహ్నం చూసి వాడిపోయిందంటారా? పక్కింటివాళ్ళు మీకిచ్చింది అలాటా అయ్యుండాలి. మీరు డాబా మీదికి ఉదయం నీళ్ళు పోయడానికే వెళుతున్నానని రాశారు. వాసన లేదని తీర్పు చెప్పింది కూడా అప్పుడే. రేపు దీపాలు పెట్టే వేళకు వెళ్ళండి. పగలు తడిసిన కాగితంలా మడతపడ్డ రేకులు అరగంటలో బల్లపరుపుగా విచ్చుకుంటాయి. ఏడు, ఏడున్నర దాటాక వాసన వస్తుంది. సన్నజాజికీ లవంగానికీ మధ్యన ఉంటుంది. రాత్రిరాణి లాగా తల పట్టేసేంత ఘాటు కాదు. రాత్రిరాణి కూడా ఈ కుటుంబమే, ఉమ్మెత్తా ఈ కుటుంబమే. చీకట్లో తెల్లగా పూసి పరిమళంతో పిలవడం ఈ వంశంలో చాలామందికి అలవాటు. గాలి ఎక్కువ ఉన్న రోజు వాసన తెలియదు. అందుకే కుండీని పిట్టగోడ అంచున కాకుండా మీరు కూర్చునే కుర్చీ పక్కన, గాలి మరుగున పెట్టుకోండి.

ఆ పిలుపు మనకోసం కాదు. అంత పొడుగు గొట్టం అడుగున తేనె ఉంటుంది. తుమ్మెద నాలుక అక్కడికి అందదు. హాక్ మాత్ అనే పెద్ద రెక్కల పురుగుకు అందుతుంది. పువ్వు మీద వాలకుండా గాలిలోనే నిలబడి పొడుగాటి నాలుకను గొట్టంలోకి దించుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు చిన్న పిట్ట అనుకుంటారు. మా డాబా మీద జనవరిలో రెండు మూడు వస్తాయి, ఎర్రరంగు గాజుకాగితం చుట్టిన టార్చ్‌తో చూస్తే బెదరవు. మనవరాలికి అది చూపించడానికే నేను సిల్వెస్ట్రిస్ ఎక్కువ కుండీల్లో వేస్తాను.

అమెరికాలోని యూటా ఎడారిలో అటెన్యుయేటా అనే అడవి పొగాకు ఉంది. దాని మీద జర్మనీ యేనా నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పనిచేశారు. అక్కడా ఇదే సంబంధం, పువ్వుకు పరాగం మోసే హాక్ మాతే ఆకు మీద గుడ్లు పెడుతుంది, ఆ పిల్లలు ఆకును తినేస్తాయి. గొంగళిపురుగుల దాడి ఎక్కువైతే ఆ మొక్క ఏం చేస్తుందో 2010లో వాళ్ళు బయటపెట్టారు. కొత్త పువ్వుల్ని రాత్రి కాకుండా తెల్లవారుజామున తెరుస్తుంది, వాసన తగ్గిస్తుంది. రాత్రి పురుగును కాదని, పొద్దున వచ్చే హమ్మింగ్‌బర్డ్ పిట్టను పిలుచుకుంటుంది. మొక్కకు నోరు లేదంటారు గాని, బేరం మాత్రం బాగా తెలుసు.

మన దగ్గర పురుగు సంగతి వేరు. పేరులోనే ఉంది, పొగాకు లద్దె పురుగు. మూడో అంతస్తుకు రాదనుకోకండి, వస్తుంది. తల్లి ఆకు అడుగున గుడ్లను కుప్పగా పెట్టి గోధుమరంగు నూగు కప్పి పోతుంది. పిల్లలు గుంపుగా గీకితే ఆకు జల్లెడలా అవుతుంది. జల్లెడాకు కనబడ్డ రోజే ఆ ఆకును గిల్లి సబ్బునీళ్ళలో వేస్తే పని అయిపోతుంది. వారం ఆగితే అవి చెల్లాచెదరై, పగలు మట్టిలో దాక్కుని రాత్రిళ్ళు తింటాయి, అప్పుడు టార్చి పట్టుకుని ఏరాల్సిందే. పొలాల్లో దీనికోసం చుట్టూ ఆముదం వేస్తారు, తల్లి పురుగు ఆముదం ఆకు మీద గుడ్లు పెడుతుంది, ఆ ఆకు తుంచి పారేస్తారు. డాబా మూల ఒక ఆముదం మొక్క పెట్టి చూడండి, నాకు బాగా పనిచేసింది. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు కాస్త సబ్బుతో. దోమ మోసుకొచ్చే ఆకుముడత తగిలిన మొక్క మాత్రం బాగుపడదు, పీకేయండి. అలాటా ఆకుకు ఉన్న జిగురులో చిన్న దోమలు అతుక్కుని నల్లగా కనబడితే అది తెగులు కాదు, కంగారుపడకండి.

మొజాయిక్ తెగులు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు కలగలిసి ఆకు ముడతలు పడుతుంది. లోకంలో మనిషి మొట్టమొదట గుర్తించిన వైరస్ ఇదే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో నెదర్లాండ్స్‌లో బైయెరింక్ తేల్చింది ఈ పొగాకు తెగులు మీదే. దీనికి మందు లేదు. ఇది పురుగుతో కంటే మన చేతులతో ఎక్కువ వస్తుంది. ఎండిన పొగాకులో కూడా ఈ వైరస్ ఏళ్ళ తరబడి చావదు. అంటే సిగరెట్టు, చుట్ట, ఖైనీ పట్టుకున్న చేత్తో నారు ముట్టుకుంటే చాలు. ఒక ఏడు నా నారంతా దీనికే పోయింది, కుండీలు మార్చడానికి వచ్చిన మనిషి చెవిమీద సగం కాల్చిన చుట్ట ఉండటం నేను చూశాను, అయినా బుర్ర వెలగలేదు. ఇప్పుడు నారు ముట్టేముందు ఎవరైనా సరే సబ్బుతో చేతులు కడగాల్సిందే. వెన్న తీసిన పాలలో వేళ్ళు ముంచుకుంటూ నాటినా వైరస్ అంటడం తగ్గుతుంది.

కంపోస్టులో వేయవద్దన్నది ఇందుకే. ఆ కంపోస్టు తర్వాత టమాటాకు, మిరపకు, వంగకు పోతుంది, అవన్నీ ఒకే కుటుంబం, ఈ వైరస్ వాటినీ పట్టుకుంటుంది. మీ డాబా మీద టమాటా కుండీలున్నాయన్నారు, వాటిని అవతలి మూలకు జరపండి. టమాటా పెరిగిన మట్టిలో దీన్ని నాటకండి, వేర్ల మీద బుడిపెలు తెచ్చే నులిపురుగులు అందులో ఉండొచ్చు. మీ అత్తగారు ‘మల్లె వస్తుంది’ అని భయపెట్టారంటే, అది పూల మల్లె కాదు. పొగాకు వేరును పట్టుకుని పైకి లేచే పరాన్నజీవి మొక్క, కొందరు బోడు అంటారు. పొగాకు పొలం మట్టి తెచ్చి కుండీల్లో పోస్తే తప్ప డాబా మీదికి రాదు.

విషమా అని అడిగారు. అవును. నికోటిన్ వేరులో తయారై ఆకుకు ఎక్కుతుంది, మొక్కంతా ఉంటుంది. మా ఊళ్ళో మంచుతో తడిసిన పచ్చాకు రెలిచే, అంటే కోసే, కూలీలకు తల తిరగడం, వాంతులు కావడం మామూలే, చర్మం గుండానే ఎక్కుతుంది. డాబా మీద నాలుగు మొక్కలతో అంత ఉండదు గాని, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. సిల్వెస్ట్రిస్ లేత ఆకు చూడ్డానికి ఆకుకూరలా ఉంటుంది. దీని బంధువు గ్లాకా ఆకును కూర అనుకుని వండుకుని ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాబట్టి పాలకూర, చుక్కకూర కుండీల వరసలో దీన్ని పెట్టకండి, వంటకు ఆకు కోసుకొచ్చే పని ఇంకెవరికైనా అప్పజెబితే ముందే చూపించండి. పాకే బిడ్డ, కుక్కపిల్ల ఉన్న ఇంట్లో నేనైతే వేయను. ఎవరైనా నమిలారని తెలిస్తే ఇంటి వైద్యాలతో కాలం గడపకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆకులతో పొగాకు కషాయం కాచి మిగతా మొక్కల మీద చల్లుదామన్న ఆలోచన కూడా వద్దు, అది తేనెటీగకూ మీకూ విషమే, టమాటాకు మొజాయిక్ మోసుకెళ్ళినా మోసుకెళుతుంది.

పొగాకు పెంచడానికి లైసెన్సు కావాలా అన్నది తేలిక ప్రశ్న. గుంటూరులోని పొగాకు బోర్డు దగ్గర రైతులు నమోదు కావలసింది వర్జీనియా పొగాకు సాగుకు, 1975 చట్టంలో రైతుల నమోదు ఉన్నది దానికే. కుండీల్లోని ఈ పూలమొక్కలకు దానితో పనిలేదు. పూజకు పనికొస్తుందా అంటే, కోస్తే చేతికి జిగురు, పగటికి వాడిపోతుంది, దేవుడికి మందారమే పెట్టండి.

మీ చెల్లెలు న్యూజెర్సీలో వేస్తానంటున్నారు కాబట్టి ఒక్క మాట. అక్కడ లెక్క తిరగబడుతుంది. ఆఖరి మంచు పడే తేదీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఇంట్లో నారు పోసి, చలి పూర్తిగా తగ్గాక బయట నాటాలి. జూన్ చివరినుంచి మంచు పడేదాకా పూస్తుంది. జింకలు పెద్దగా ముట్టవు. ఆకుపచ్చగా వేలంత లావు, వెనక కొమ్ముతో పురుగు కనబడితే అది అక్కడి హాక్ మాత్ పిల్లే. తీసి పారేయాలా, రాత్రి పువ్వుకు వచ్చే అతిథిగా వదిలేయాలా అన్నది ఆవిడ ఇష్టం. నేనైతే ఒక మొక్కను దానికి వదిలేస్తాను.

గింజ దాచుకోవడం చెప్పి ఆపుతాను. మార్చిలో ఒక మంచి కాడను కోయకుండా ఉంచండి. కాయలు గోధుమరంగుకు తిరిగి, కొన నోరు తెరవబోయే ముందు కాడతో సహా కోసి, కాగితపు సంచిలో తలకిందులుగా వేలాడదీయండి. ఒక్క కాయలో వందల గింజలు. పొడి సీసాలో చల్లగా ఉంచితే నాలుగైదేళ్ళు మొలుస్తాయి. అలాటా, సిల్వెస్ట్రిస్ తల్లిలాగే వస్తాయి గాని, మీ మిక్స్ సంకరం కాబట్టి రంగులు ఎటైనా తిరగొచ్చు. కాయ కొంచెం ఆలస్యమై పగిలిందా, పక్క కుండీల్లో, పైపు పగుళ్ళలో, డాబా మూలల్లో వచ్చే అక్టోబరుకు అవే మొలుస్తాయి. మా ఇంట్లో ఇప్పుడు సగం మొక్కలు నేను వేయనివే. ఈ సెప్టెంబరులో నారు పోసేటప్పుడు గింజను ఇసుకతో కలిపే పని మీ అత్తగారికి వదిలేయండి. మొలిచాక ఫొటో పెట్టండి, ఒత్తుగా ఉన్నాయో లేదో చూసి చెబుతాను.